కాపరి మాట: నోరు తెరిస్తేనే భాష



అపొస్తలుల కార్యములు 14వ అధ్యాయములో లుస్త్ర పట్టణపు సంగతి మీరు చదివియున్నారు. పుట్టు కుంటివాడు లేచి నడిచినప్పుడు జనులు లుకయోనియ భాషలో కేకలు వేశారని లూకా ప్రత్యేకంగా వ్రాశాడు. తమను దేవతలని అంటున్నారని పౌలు బర్నబాలు వెంటనే గ్రహించినట్లు కనబడదు. పూజారి ఎడ్లను, పూదండలను తెచ్చిన తరువాతనే వారు బట్టలు చింపుకొని జనములోనికి చొరబడ్డారు. గ్రీకు వచ్చిన సేవకులకు ఆ ఊరి ఇంటి భాష అందలేదు.

మన ఆదిలాబాదు అడవి పల్లెల్లో గోండి, కొలామి ఇంటి భాషలైన గూడెములు అనేకం. 2011 జనాభా లెక్కల ప్రకారం దేశములో గోండి మాతృభాషగా గలవారు సుమారు 29 లక్షల 84 వేలమంది. అంగడిలో వారు మనతో తెలుగులోనే బేరమాడతారు గనుక వారి భాషతో మనకు పనిలేదనుకుంటాము. అయితే జ్వరముతో మంచమెక్కిన ముసలి తల్లి తన బాధ చెప్పుకొనేది అంగడి తెలుగులో కాదు. బడిలో చేరిన పసిబిడ్డ మొద్దు అనిపించుకొనేది తెలివి లేక కాదు, మాట అర్థంకాక.

దీనిని ఒక పరదేశి ఏనాడో గుర్తించాడు. 1940లో జోడేఘాట్ దగ్గర కుమురం భీము మరణించిన తరువాత, వియన్నాలో పుట్టిన హైమన్‌డార్ఫ్ గోండుల స్థితిగతులు తెలిసికొనుటకు వచ్చాడు. ఆయన, భార్య బెట్టీ మార్లవాయిలో గోండుల నడుమ కాపురముండి వారి మాట నేర్చుకున్నారు. 1943లో అక్కడ గోండు ఉపాధ్యాయులకు శిక్షణ మొదలైంది. 1987లో మరణించిన బెట్టీ సమాధి నేటికీ మార్లవాయిలోనే ఉన్నది.

మనకు పెద్ద చదువులు అక్కరలేదు. గోండి మన తెలుగుకు చుట్టమే. నీళ్లను వారు ‘ఏర్’ అంటారు, మనకు ఏరు ఉన్నది. రెండు, మూడు, నాలుగు అక్కడ ‘రండ్, మూంద్, నాలుంగ్’. వారానికి రెండు సాయంత్రములు గోండు పొరుగువారి అరుగుమీద కూర్చోండి. వస్తువు చూపించి పేరు అడగండి, విన్నది తిరిగి పలకండి, చిన్న నోటుబుక్కులో తెలుగు అక్షరాలతో వ్రాసికోండి. మరుసటిసారి ఆ మాటలతోనే పలకరించండి. తడబడినప్పుడు వెంటనే తెలుగులోనికి పారిపోవద్దు. పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వండి. వారే మంచి గురువులు, ఎన్నిసార్లు అడిగినా విసుగుకోరు. పుస్తకము చదివి ఈత రానట్లే, నోరు తెరవకుండ భాష రాదు.

ఒక్క హెచ్చరిక. చేపకు ఎర వేసినట్లు మాట నేర్చుకోవద్దు. మనము బోధించుటకు ముందు వినుటకే నేర్చుకుందము. నేర్చుకొనేవాడు క్రింద కూర్చుంటాడు, నేర్పేవాడు పైన కూర్చుంటాడు. ఇన్నాళ్లు మన ముందు తలవంచి నిలిచినవారు ఆ సాయంత్రము మనకు గురువులవుతారు. మనకు కష్టముగా తోచేది వ్యాకరణము కాదు, ఆ క్రింది చోటే.

యెరూషలేములో పౌలు హెబ్రీ భాషలో మాటలాడుట విని, కోపముతోనున్న జనము మరి నిశ్శబ్దమైంది (అపొ. కా. 22:2). వారి మాట వారి చెవిని తెరిచింది. ఈ నెలలో ప్రతి కుటుంబము పది మాటలు నేర్చుకొనునట్లు ప్రభువు సహాయము చేయును గాక. ఆమేన్.