బ్రూజ్ నగరము – అందలి స్త్రీల వాడ

ఈ మాసము మిమ్ము బెల్జియము దేశమునకు గొనిపోవుచున్నాము. ఓడకు రుసుము లేదు. ఎసరు దించి కొంతసేపు కూర్చుండు తీరిక చాలును. మేమును ఆ నగరమును కన్నులార జూచినవారము కాము. మా యింటి గోడనున్న యూరపు పటమును, కొన్ని గ్రంథములును మాకు ఆధారములు.

బెల్జియమునకు వాయవ్యదిశయందు, సముద్రమునకు కొలది మైళ్ళ దూరమున బ్రూజ్ నగరము కలదు. 1134వ సంవత్సరమున గొప్ప తుపాను పుట్టి, సముద్రము నేలను చీల్చికొని లోనికి జొరబడగా జ్విన్ అను పాయ విశాలమయ్యెను. ఆ పాయయే యీ నగరమునకు భాగ్యరేఖ. ఇంగ్లండునుండి ఉన్నియు, ఇటలీనుండి పట్టును, సుగంధద్రవ్యములును ఓడలపై వచ్చెడివి. ఇచ్చటి మగ్గములపై నేసిన బట్టలు దేశదేశములకు పోయెడివి. బూర్స్ అను కుటుంబమువారి వసతిగృహము ముంగిట వర్తకులు గుమిగూడి బేరములాడెడివారట. పలు దేశములలో నేడు వాటాల విపణికి వాడు బూర్స్ అను పేరు ఆ యింటినుండియే వచ్చినదని చెప్పుదురు.

ఆ సంపదను గూర్చి యొక కథ కలదు. 1301లో ఫ్రాన్సు రాణి జోన్ భర్తతో గూడ నీ పురమునకు రాగా, వర్తకుల భార్యలు ధరించిన పట్టుబట్టలను, నగలను జూచి, రాణి తానొక్కతయే యనుకొనగా నిచ్చట నిందరు రాణులా యని చిన్నబోయెనట! మరుసటి యేడే ఆ పౌరులు ఫ్రెంచివారిపై తిరుగబడిరి.

నగరమధ్యమున 83 మీటర్ల ఎత్తుగల గంటల గోపురము నిలిచియున్నది. పైకెక్కుటకు 366 మెట్లు. పైన 47 గంటల మేళము. పౌరుల హక్కుపత్రములను ఈ గోపురములోనే ఇనుప తలుపుల వెనుక భద్రపరచెడివారు. మేరీమాత దేవాలయమున మైకెలాంజిలో చెక్కిన తల్లీబిడ్డల పాలరాతి విగ్రహము కలదు. 1794లో ఫ్రెంచివారును, 1944లో జర్మనులును దానిని తరలించుకొనిపోయిరి. రెండు మారులును ఆ తల్లి తన గుడికి మరలి వచ్చెను.

భాగ్యమిచ్చిన జలమే పిమ్మట తొలగిపోయెను. పదునైదవ శతాబ్దమునుండి జ్విన్ పాయ ఇసుకతో పూడుకొనిపోవ నారంభించెను. అగస్త్యుడు సముద్రమును ద్రావిన కథ మనమెరుగుదుము. ఇచ్చట ఆ పనిని ఇసుక చేసెను. వర్తకులు ఆంట్వెర్పునకు తరలిరి. పందొమ్మిదవ శతాబ్దము నాటికి బ్రూజ్ పేదల యూరయ్యెను. కొత్త కట్టడములకు ధనము లేకపోవుటచేతనే పాతయిండ్లు పెక్కులు నిలిచినవి. వానిని జూచుటకే నేడు లోకులు వచ్చుచున్నారు. పేదరికము కాపాడిన సొగసు ఇది!

ఇక మేము చెప్పదలచిన ముఖ్యవిషయము. మూడు కమానుల వంతెన దాటినచో నొక ద్వారము. లోపల చెట్లనీడ, పచ్చికబయలు, చుట్టును ముప్పదివరకు తెల్లని యిండ్లు. ఇది బెగీన్లు అను స్త్రీల వాడ. ఫ్లాండర్సు దేశమును పాలించిన మార్గరెట్ అను ప్రభ్వి దీనిని 1245లో నెలకొల్పెను. భర్త లేనివారు, వివాహమాడనివారు ఇచ్చట జేరి దైవచింతనతో గాలము గడపెడివారు. వీరు సన్యాసినులు కారు. సన్యాసినీమఠములలో జేరవలెనన్న తరచుగా కట్నము కావలసియుండెను; చేరినపిదప మరలుట లేదు. బెగీన్ అట్లు గాదు. వాడలో నున్నంతకాలము బ్రహ్మచర్యము, పెద్దలయెడ విధేయత చాలును. తన సొత్తు తనదే. మనసు మారినచో వెడలిపోయి పెండ్లాడవచ్చును. ఉన్ని శుభ్రపరచియు, నూలు వడికియు, పిల్లలకు చదువు చెప్పియు, రోగులకు పరిచర్యచేసియు తమ కూడు తామే యార్జించుకొనెడివారు.

మగవాని యాజ్ఞయు, మఠపు గోడయు లేక స్త్రీ జీవించుట పెక్కుమందికి రుచింపలేదు. 1310లో మార్గరెట్ పొరెట్ అను బెగీన్‌ను, ఆమె వ్రాసిన గ్రంథము కారణముగా, పారిసులో సజీవదహనము గావించిరి. కొలదికాలమునకే మతసభ బెగీన్లను నిషేధించుచు శాసనము చేసెను. బ్రూజ్ వాడ 1299 నాడే రాజసంరక్షణము పొందియుండెను, అది నిలిచెను. దాని ద్వారముపై నేటికిని అభయస్థానమను అర్థముగల మాట చెక్కియున్నది.

దీనిని చదివినప్పుడు మా మేనత్తగారు జ్ఞప్తికి వచ్చిరి. పందొమ్మిదవయేట భర్తను గోల్పోయి, నలుగురన్నదమ్ముల యిండ్లలో వంతులవారీగా నలుబదియేండ్లు గడపిరి. భాగవతము కంఠతా వచ్చును. ఆమె చేతి యావకాయకు సాటి లేదు. ఎవరును ఆమెను మాటయనలేదు. అయినను ఒకనాడు తన పెట్టె సర్దుకొనుచు, “అమ్మాయీ, ఈ పెట్టె ఎత్తకుండ ఉంచుకొనుటకు ఒక గది యుండిన నాకింకేమియు వద్దే” యనిరి. ఆమె కోరినది సంపద కాదు, స్వేచ్ఛావిహారము కాదు. ఒక తలుపు, దాని తాళపుచెవి. ఏడువందల యేండ్లకు బూర్వము బ్రూజ్ స్త్రీలకు దొరకినది అదియే.

1927లో ఆ వాడ బెనెడిక్టైన్ సన్యాసినుల నిలయమయ్యెను. బెగీన్లలో కడపటి యామె 2013లో సమీపముననున్న కోర్ట్రైక్ నగరమున 92వ యేట మరణించెను. చూపు మిక్కిలి తక్కువయగుటచే మఠములు ఆమెను చేర్చుకొనలేదు; బెగీన్లు చేర్చుకొనిరి.

సోదరీమణులారా! మీ యింటను ఇట్టి యత్తయో, అక్కయో యున్నచో, ఆమెకొక గది ఇయ్యుడు. గది లేనిచో, ఒక మూలనైనను ఇది నీదని చెప్పి, ఆ మాట నిలుపుకొనుడు.