సముద్రము విడిచిపోయిన తీరము

చూలై యను పేరునకు తమిళమున బట్టీ యని అర్థము. ఇటుకల బట్టీలు ఏనాడో ఆరిపోయినవి గాని పేటకు ఆ పేరు నిలిచినది. ఈ పేటలో చదువుకొనుచున్న మన పిల్లలను గత సంవత్సరము మేము అంతకంటె మిక్కిలి పెద్ద బట్టీ యొకటి చల్లారిన చోటికి తీసికొనిపోయితిమి. ఈ సంవత్సరమును అచ్చటికే పోవలెనని మా అభిప్రాయము. తల్లిదండ్రులలో పెక్కురు సముద్రపుటొడ్డున నున్న వినోదశాల చాలునని చెప్పుచున్నందున ఈ నాలుగు మాటలు వ్రాయవలసివచ్చినది.

"సముద్రతీర విహారమని చెప్పి రాజమహేంద్రవరమునకు తీసికొనిపోతిరి. అచ్చట సముద్రమేదండీ?" అని ఒక తండ్రిగారు మమ్ము అడిగిరి. ప్రశ్న న్యాయమైనదే. నేడచ్చట గోదావరి కలదు గాని సముద్రము లేదు. అది డెల్టాకు ఆవల, దూరమున నున్నది. కాని సుమారు 6.6 కోట్ల సంవత్సరముల క్రిందట తీరము ఆ ప్రాంతముననే యుండెను. ఆ కాలమున పడమటి కనుమల వైపున నేల బీటలువారి, లావా పొంగి, దక్కను పీఠభూమిని పొరలు పొరలుగా కప్పినది. ఆ ప్రవాహములలో కొన్ని ప్రాచీనమైన లోయల వెంట సుమారు 1,000 కిలోమీటర్లు సాగి తూర్పు సముద్రమును చేరినవని శాస్త్రజ్ఞులు భావించుచున్నారు. భూమిపై నెరిగినంతలో అంత దూరము పారిన లావా బహు అరుదు. రాజమహేంద్రవరమున అగ్నిపర్వతము లేదు; నిప్పు పడమటినుండి నడచివచ్చినది.

మేము ఉపాధ్యాయ శిక్షణ పొందినది ఆ పట్టణముననే. కాతేరు దారిన ఎన్ని పర్యాయములు నడచితిమో లెక్కలేదు. ఆ రాళ్ళను రాళ్ళుగానే చూచితిమి. చూపించువారు లేనిది కన్నులుండియు ప్రయోజనము లేదని గత సంవత్సరము గాని మాకు తెలియలేదు. భూగర్భశాస్త్రము బోధించి విశ్రాంతి పొందిన ఒక పెద్దలు ఆ దినమంతయు మా పిల్లలకు దారి చూపిరి. కాతేరులో రెండు నల్లని పొరల నడుమ తెల్లని సున్నపురాతి పొరను చూపి, "క్రింది నలుపు మొదటి లావా. అది చల్లారిన పిదప మరల ఉప్పునీరు వచ్చినది, గుల్లలు పెరిగినవి. పిమ్మట రెండవ లావా వచ్చి వానిని కప్పినది," అని చెప్పిరి. ఆయన మాట్లాడినది తెలుగు. ఒక్క బాలుడును అర్థము కాలేదనలేదు. రాతిలో గుల్ల అచ్చు కనబడగానే వారందరు వరుసతప్పి ముందుకు దూకిరి, మేము మందలించలేదు.

పిదప 1974లో తెరచిన రోడ్డు-రైలు వంతెనపై గోదావరి దాటి, కొవ్వూరు మీదుగా పంగిడి, గౌరీపట్నము క్వారీలకు పోయితిమి. ఆ ప్రాంతపు సున్నపురాతిలో సూక్ష్మదర్శినికి మాత్రమే కనబడు సముద్రజీవుల గుల్లలు కలవు. వాని సహాయమున, దక్కను లావాలో ప్రధానభాగము రాక్షసబల్లులు నశించిన కాలమునకు సమీపముననే ముగిసినదని 2008లో ఒక పరిశోధన ప్రకటింపబడినది. ఒక క్వారీ పేరు ఆంగ్ల పత్రికలలోను "సున్నంరాళ్ళు" అనియే అచ్చుపడినది. ఈ మాట చెప్పగానే ఒక బాలిక "తమిళములో సుణ్ణాంబు గదండీ" అన్నది. రెండు భాషలు తెలిసిన పిల్లకు గాని ఆ సంతోషము కలుగదు.

మరియొక బాలుడు "మన పల్లావరము రాయియు నల్లనిదే గదా, అదియు లావాయేనా?" అని అడిగెను. కాదు. అది సుమారు 250 కోట్ల సంవత్సరముల నాటిది. భూమి లోతులలో వేడికి, ఒత్తిడికి రూపొందినది. కలకత్తాలో జాబ్ చార్నాక్ సమాధిపై నున్నది ఆ జాతి రాయియే. అందువలన 1893లో హాలండ్ అను శాస్త్రజ్ఞుడు దానికి చార్నొకైటు అని పేరు పెట్టెను. ఊరికి తిరిగివచ్చిన తరువాత ఆ బాలుడు సెయింట్ థామస్ మౌంటు కొండకు పోయి రాతిని తాకి చూచివచ్చెనట.

2006 నాటి చట్టము వచ్చిన పిదప తమిళము మన పిల్లలకు తప్పనిసరి పాఠ్యమైనది. నేర్వవలసినదే, ఉన్న ఊరి భాష యది. మా బాధ వేరు. తెలుగు వార్షికోత్సవమునాటి పాటకు, పద్యమునకు మాత్రమే పనికివచ్చుననియు, శాస్త్రమునకు ఆంగ్లమే కావలెననియు ఇండ్లలో ననుకొనుచున్నారు. పిల్లలును నమ్ముచున్నారు. కాతేరులో ఆ ఒక్క గంటసేపు వారు నమ్మలేదు. వినోదశాలలో నీటిజారుడు తెలుగున జారినను తమిళమున జారినను ఒక్కటియే.

రాతి మాట కూడ చెప్పవలెను. క్వారీలలో నల్లరాయి నిత్యము కంకరగా మారుచున్నది. బ్రతుకుతెరువు గనుక పనివారిని తప్పుపట్టలేము. కాని మేము చూచిన గోడ వచ్చు సంవత్సరమునకు నిలిచియుండునని ఎవరును మాట ఇయ్యలేదు.

గతసారి మధ్యాహ్నపుటెండలో గౌరీపట్నము చేరుట మా పొరపాటే. ఇద్దరు పిల్లలు సొమ్మసిల్లిరి. ఈసారి క్వారీలను ఉదయముననే చూచి, ఎండవేళకు గోదావరి గట్టునకు చేరుదుము. రుసుము ఒకేసారి చెల్లింపలేనివారు మూడు విడతలుగా నీయవచ్చును. తండ్రులారా, తల్లులారా! అంగీకార పత్రముపై మీ సంతకము తెలుగున చేసి పంపగోరెదము. పిల్లలకు టోపీ, నీటిసీసా, గట్టి చెప్పులు ఉండవలెను.