మోత తగ్గాలంటే ముందు వాట్లు చూడండి

మాది రెండు గదుల ఇల్లు. కంప్యూటర్ హాల్లోనే, అమ్మ మంచం కూడా అక్కడే. ఆఫీసు పని ముగించి రాత్రి పదింటికి నేను గేమ్ మొదలెడితే, గ్రాఫిక్స్ కార్డు ఫ్యాను గుయ్యిమని అందుకునేది. నా చెవులకు హెడ్‌ఫోన్స్ ఉంటాయి కాబట్టి నాకేం తెలిసేది కాదు. ఓ రాత్రి మంచినీళ్ల కోసం లేచి చూస్తే, అమ్మ వంటింట్లో చాప వేసుకుని పడుకుంది. ‘‘ఇక్కడ చల్లగా ఉందిరా’’ అంది. మే నెలలో, వంటింట్లో చల్లగా!

చప్పుడు చేయని కార్డు కొనాలని ఆ రాత్రే అనుకున్నా. చేతిలో ఉన్నది 20 వేలు.

ముందు ఓ సంగతి అర్థం చేసుకోవాలి. కార్డు తాగే కరెంటంతా చివరికి వేడిగానే మారుతుంది. ఆ వేడిని బయటికి నెట్టడానికే ఫ్యాను తిరుగుతుంది. ఫ్యాను వేగం సగానికి తగ్గితే మోత సుమారు 15 డెసిబుల్స్ పడిపోతుంది. 10 డెసిబుల్స్ తగ్గితేనే మన చెవికి చప్పుడు సగమైనట్టు ఉంటుంది. కాబట్టి కార్డు కొనేటప్పుడు వేగం కన్నా ముందు వాట్లు చూడండి.

ఆర్‌టీఎక్స్ 3060కి 170 వాట్లు, ఆర్‌ఎక్స్ 6600కి 132, ఆర్‌టీఎక్స్ 4060కి 115 కావాలి. ఆర్‌టీఎక్స్ 3050లో 6 జీబీ రకానికి 70 వాట్లు చాలు. మదర్‌బోర్డు స్లాటే 75 వాట్ల దాకా ఇస్తుంది కనుక, ఈ రకంలో చాలా కార్డులకు విడిగా పవర్ కేబుల్ కూడా అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త. అదే 3050 పేరుతో 8 జీబీ రకం కూడా ఉంది. అది 130 వాట్లు లాగుతుంది. డబ్బా మీద పేరు చూసి ఆగిపోవద్దు, జీబీ కూడా చదవండి.

తర్వాత చూడాల్సింది ఫ్యాన్లు. ఒక చిన్న ఫ్యాను కన్నా రెండు పెద్ద ఫ్యాన్లు నయం. అంతే గాలిని నెమ్మదిగా తిరుగుతూనే పంపిస్తాయి. పని తక్కువున్నప్పుడు ఫ్యాన్లు పూర్తిగా ఆగిపోయే సౌకర్యం ఉందో లేదో అడగండి. కొన్ని కార్డుల్లో లోడ్ పడినప్పుడు కీచుమనే సన్నటి శబ్దం వస్తుంది. అది ఫ్యానుది కాదు, కాయిల్‌ది. ముందే కనిపెట్టలేం. అందుకే మార్చి ఇచ్చే షాపులోనే కొనండి.

అయితే పర్సు తీసేముందు ఖర్చు లేని పనులు రెండున్నాయి. మీ మానిటర్ 60 హెర్ట్జ్‌దైతే గేమ్‌ని 60 ఫ్రేముల దగ్గర ఆపేయండి. అంతకు మించి కార్డు ఎంత కష్టపడినా తెర చూపించలేదు. రెండోది దుమ్ము. కంప్యూటర్ ఆపి, ఫ్యాను రెక్కల్ని వేలితో పట్టుకుని బ్లోయర్‌తో ఊదండి. నేనూ ఈ రెండూ చేశా. మోత తగ్గింది గానీ, పాత ఫ్యాను బేరింగు అరిగిపోయి కరకరలాడుతూనే ఉంది.

చివరికి రెండు ఫ్యాన్ల 3050, 6 జీబీ తీసుకున్నా. అటూ ఇటూగా అదే డబ్బుకు అప్పుడు ఆర్‌ఎక్స్ 6600 వచ్చేది. వేగంలో అది చాలా ముందుంటుంది కూడా. ఆఫీసులో మిత్రులు నవ్వారు. కొత్త గేముల్లో సెట్టింగ్స్ మీడియంకి దించుకోవాల్సి వస్తోంది, నిజమే.

అమ్మ మంచం మీదికి వచ్చేసింది. మొన్న రాత్రి నేను గేమ్ మధ్యలో ఉండగా అటు తిరిగి పడుకునే అడిగింది, ‘‘ఇంకా మొదలెట్టలేదేంట్రా?’’ అని.