కొత్త సబ్బు ఎవరికి?

విజయవాడ ఎండల గురించి కొత్తగా చెప్పేదేముంది! బెజవాడను సరదాకి 'బ్లేజ్‌వాడ' అన్నవాళ్లు ఊరికే అనలేదు. మే నెలలో బీసెంట్ రోడ్డంతా తిరిగి, సిటీ బస్సులో నిలబడి ఇల్లు చేరిన మనిషిని ఏం కావాలో అడిగి చూడండి. ముందు మంచినీళ్లంటాడు. తర్వాత ఫ్యాను వెయ్యమంటాడు. ఆ రెండూ అయ్యాక తువ్వాలు భుజానేసుకుని స్నానాల గదికేసి నడుస్తాడు. పది నిమిషాల తర్వాత తలుపు తెరుచుకుంటుంది. ముందు సబ్బు వాసన బయటికొస్తుంది. దాని వెనకాల అతను వస్తాడు... కోపం తగ్గి, నుదుటి మీద ముడతలు పోయి, కాఫీ ఉందా అని నెమ్మదిగా అడుగుతూ!

ఇంత మార్పు తెచ్చిన వస్తువు ఖరీదెంత? సాయంత్రం బండి దగ్గర నలుగురూ కలిసి తినే పునుగులకయ్యేంత. అదీ ఒక్కపూటకు కాదు, వారాలపాటు వస్తుంది. ఇంత చవకైన సుఖం మరొకటి చూపించండి చూద్దాం.

అసలు 'సబ్బు' అన్న మాటే మనకు పోర్చుగీసువాళ్ల నుంచి వచ్చిందంటారు. అంతకుముందు మనవాళ్లు స్నానం చెయ్యలేదని కాదు. పెసలు, శనగపప్పు, బియ్యం మరపట్టించి, పసుపు, బావంచాలు, కచ్చూరాలు కలిపి చేసుకునే సున్నిపిండి ఉండేది. తలకు కుంకుడుకాయ రసం సరేసరి. 1888లో సన్‌లైట్ సబ్బు పెట్టెలు కలకత్తా రేవులో దిగాయి. 1895లో లైఫ్‌బాయ్ వచ్చింది. ఆ తర్వాత సున్నిపిండి మెల్లగా పండగలకీ పెళ్లిళ్లకీ పరిమితమైపోయింది.

సబ్బులొచ్చాక వాటిలోనూ అంతరాలొచ్చాయి. బట్టల సబ్బు వేరు, ఒంటి సబ్బు వేరు. ఒంటి సబ్బులో మళ్లీ మామూలు సబ్బు వేరు, 'వాసన సబ్బు' వేరు. పొలం పనికెళ్లి మోకాలిలోతు బురదలో నాట్లు వేసొచ్చిన మనిషి, బట్టలు ఉతికిన సబ్బుతోనే ఒళ్లు కూడా తోముకుని కాలువలో మునిగి లేచేవాడు. వాసన సబ్బు కామందు గారింట్లో ఉండేది. పెళ్లికెళ్లేముందో, తిరనాళ్లకు బయల్దేరేముందో చిన్న బిళ్ల కొనుక్కుంటే ఆ ఇంట్లో అదొక విశేషం. వాడిన సబ్బు మీది కాగితాన్ని కూడా పారెయ్యకుండా బట్టల పెట్టెలోనో, పిల్లల పుస్తకాల్లోనో దాచుకున్న ఇళ్లు ఎన్నో! సబ్బు అరిగిపోయినా ఆ కాగితం చాలాకాలం గుబాళించేది.

వాసన సబ్బు అనగానే మన వైపు చాలామందికి ముందు గుర్తొచ్చేది మైసూర్ శాండల్. కోడిగుడ్డు ఆకారం, అందమైన పెట్టె, మంచిగంధం వాసన. ఈ సబ్బు పుట్టడానికి కారణం ఒక యుద్ధం అంటే నమ్ముతారా? మైసూరు అడవుల్లోని గంధపు చెక్క అప్పట్లో విదేశాలకు ఎగుమతయ్యేది. 1914లో మొదటి ప్రపంచయుద్ధం రావడంతో కొనేవాళ్లు లేక చెక్క పేరుకుపోయింది. అప్పటి మహారాజు నాల్వడి కృష్ణరాజ ఒడెయార్, దివాను మోక్షగుండం విశ్వేశ్వరయ్య చూస్తూ కూర్చోలేదు. చెక్కను అమ్మే బదులు మనమే నూనె తీద్దామన్నారు. ఆ నూనెతో సబ్బు కూడా మనమే చేద్దామన్నారు. 1916లో పని మొదలైంది. గరళపురి శాస్త్రి అనే రసాయన శాస్త్రవేత్తను ఇంగ్లండు పంపి ఆ విద్య నేర్పించారు. ఆయనకు 'సబ్బుల శాస్త్రి' అనే పేరే స్థిరపడింది. అన్నట్టు, విశ్వేశ్వరయ్య ఇంటిపేరులోని మోక్షగుండం మన ఆంధ్రలోని ఊరే. వందేళ్లు దాటినా ఆ సబ్బు కర్ణాటక ప్రభుత్వ సంస్థ నుంచే వస్తోంది.

సరే, చరిత్ర పక్కనపెట్టి సబ్బు చేసే పని చూద్దాం. నూనెకు కాస్టిక్ సోడా కలిపితే సబ్బు, గ్లిజరిన్ తయారవుతాయి. సబ్బు అణువుకు రెండు కొసలు. ఒక కొస నీటిని పట్టుకుంటుంది. రెండో కొస జిడ్డును పట్టుకుంటుంది. మనం నీళ్లు పోసుకోగానే జిడ్డునూ దాంతోపాటు మురికినీ లాక్కుని పోతుంది. ఇందులో పరిమళానికి ఏం పని? నిజం చెప్పాలంటే ఏమీ లేదు! వాసన లేని సబ్బు కూడా మురికిని అంతే శుభ్రంగా వదిలిస్తుంది. వాసన సబ్బును 'సోకు' అని తీసిపారేసేవాళ్లకు ఇదే ఆధారం. ఇంట్లో ఖర్చులు తగ్గించుకోవాల్సి వచ్చినప్పుడు మొదటి వేటు దీనిమీద పడటానికీ ఇదే కారణం.

మరి సోకేనా? 2020, 2021 సంవత్సరాలు గుర్తు తెచ్చుకోండి. కరోనా వచ్చినవాళ్లలో చాలామందికి వాసన తెలియకుండా పోయింది. పొద్దున్నే లేచి కాఫీ గ్లాసు వాసన చూసేవాళ్లు, స్నానాల గదిలో సబ్బును ముక్కు దగ్గర పెట్టుకుని చూసేవాళ్లు. ఏ వాసనా రాకపోతే గుండెల్లో రాయి పడేది. కొందరికి వారాల్లో తిరిగొచ్చింది, కొందరికి నెలలు పట్టింది. ఆ రోజుల్లో స్నానం ఎలా ఉండేదో వాళ్లనడగండి. ఒళ్లు శుభ్రమయ్యేది కానీ స్నానం చేసినట్టుండేది కాదంటారు. మళ్లీ ఒకరోజు హఠాత్తుగా సబ్బు వాసన తగిలితే ఇంట్లోవాళ్లందరికీ చెప్పుకుని సంబరపడ్డవాళ్లున్నారు. అంతవరకూ ఎవరూ పట్టించుకోని సుఖం విలువ అప్పుడు తెలిసింది.

దీనికి కారణం మన తలలోనే ఉంది. కళ్లు చూసినదీ చెవులు విన్నదీ మెదడులో థాలమస్ అనే కూడలి మీదుగా వెళ్లాలి. వాసన మాత్రం ఆ కూడలి దగ్గర ఆగకుండానే భావాలకీ జ్ఞాపకాలకీ సంబంధించిన భాగాలకు చేరిపోతుంది. బెంజి సర్కిల్లో సిగ్నలు దగ్గర ఆగకుండా ఫ్లైఓవర్ మీంచి వెళ్లిపోయినట్టన్నమాట. అందుకే ఎప్పుడో వేసవి సెలవుల్లో అమ్మమ్మగారింట్లో వాడిన సబ్బు వాసన ఇప్పుడు ఏ దుకాణంలో తగిలినా ఆ పెరడు, ఆ గాబు, ఆ ఇత్తడి చెంబు కళ్లముందు కదులుతాయి. మనసుకు ఇంత దగ్గరి దారి ఉన్న వస్తువును ఉత్త సోకు అనడం న్యాయమా?

అయితే మంచి సబ్బు ఒక్కటే ఉంటే సరిపోదు. మంచినీళ్లు కూడా ఉండాలి. ఆ మాటకొస్తే ఈ సంగతి కృష్ణా డెల్టా వాళ్లకు తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. కాలువ నీళ్లొస్తే సబ్బు ఇలా రుద్దగానే అలా నురగొస్తుంది. వేసవిలో కాలువలు కట్టేశాక బోరు నీళ్లే గతి. సముద్రం వైపు పోయేకొద్దీ ఆ నీళ్లలో ఉప్పదనం పెరుగుతుంది. అందులోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు సబ్బుతో కలిసి తెల్లటి తెట్టు కడతాయి. బిళ్ల సగం అరిగినా నురగ రాదు, ఒళ్లు పిడచకట్టినట్టుంటుంది. 'మా ఊళ్లో సబ్బులు ఆగవండీ' అని దివిసీమ వాళ్లంటే అది వాళ్ల దుబారా కాదు, నీళ్ల తప్పు. వాడిన నీళ్ల చెంబును చివర్లో ఒక్కటైనా మంచినీళ్లతో నింపి పోసుకుంటే ఆ పిడచదనం కొంత పోతుంది. ఇంకో మాట. నదిలోనూ కాలువ రేవులోనూ సబ్బు వాడొద్దని పెద్దలు చెప్పేవారు. దిగువ ఊళ్లవాళ్లు తాగేదీ ఆ నీళ్లే కదా!

ఇక కొనేటప్పుడు బొమ్మ చూసి మురిసిపోకుండా వెనక చిన్న అక్షరాలు చదవండి. టీఎఫ్ఎం అని ఒక అంకె ఉంటుంది. సబ్బులో కొవ్వు పదార్థం ఎంత శాతమో చెప్పేది అదే. 76 శాతం, అంతకుమించి ఉంటే గ్రేడ్ 1. కనీసం 70 ఉంటే గ్రేడ్ 2, కనీసం 60 ఉంటే గ్రేడ్ 3. కొన్నిటి మీద సబ్బు అని కాకుండా 'బేదింగ్ బార్' అని ఉంటుంది. వాటి లెక్క వేరు. ఖరీదు ఎక్కువైనంత మాత్రాన గ్రేడ్ ఎక్కువని అనుకోవద్దు. సబ్బుల మీద 18 శాతం ఉన్న జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతానికి తగ్గించారు. కాబట్టి 'మరీ ఖరీదండీ' అనే సాకు కూడా కాస్త బలహీనపడింది.

కొన్నాక కాపాడుకోవడం కూడా ఓ విద్యే. కొత్త బిళ్లలను పైకాగితం తీసి, బీరువాలో చీరల మధ్య కొన్నాళ్లు ఉంచడం మన ఇళ్లలో పాత అలవాటు. దాంతో రెండు లాభాలు. చీరలకు పరిమళం అంటుతుంది. సబ్బులో ఉన్న తేమ ఆరి గట్టిపడుతుంది, తొందరగా అరగదు. వాడేటప్పుడు చిల్లులున్న పెట్టెలో పెట్టండి. నీళ్లలో నానే సబ్బు ఒంటికి కాకుండా తూముకే ఎక్కువ ఉపయోగపడుతుంది! పసిపిల్లలకూ, చర్మం పొడిబారిన వాళ్లకూ ఘాటైన వాసనలు పడకపోవచ్చు. దురద, మంట కనిపిస్తే ఎంత మంచి వాసనైనా మానెయ్యాల్సిందే.

ఇప్పుడు అసలు ప్రశ్నకొద్దాం. ఇంట్లో కొత్త సబ్బు ఎవరికి?

సంక్రాంతికి కొత్త అల్లుడొస్తాడు. ఆయన స్నానాల గదిలో అడుగుపెట్టేసరికి కొత్త తువ్వాలు, విప్పని సబ్బు సిద్ధంగా ఉంటాయి. మన డెల్టా మర్యాదలో ఇది తిరుగులేని అంశం. చుట్టాలొస్తే కొత్త సబ్బు. పరీక్షకెళ్లే పిల్లాడికి కొత్త సబ్బు. హాస్టలుకెళ్లే అమ్మాయి పెట్టెలో అరడజను కొత్త సబ్బులు. ఆఫీసుకెళ్లే ఆయన స్నానం చేసేసరికి సబ్బు ఇంకా దిట్టంగానే ఉంటుంది. అందరి స్నానాలూ అయ్యాక, వంటయ్యాక, గిన్నెలు తోమాక, ఏ పదకొండు గంటలకో ఇంటావిడ స్నానానికెళుతుంది. ఆవిడ చేతికొచ్చేది నలిగి, తడిసి, వేలిమందం మిగిలిన ముక్క. అది పారేస్తే దండగని మరో పాత ముక్కకు అతికించి రుద్దుకుంటుంది. రెండు ముక్కలూ చేతిలోంచి జారిపోతే వంగి ఏరుకుంటుంది. ఈలోపు బీరువాలో చీరల మధ్య మంచి గంధపు సబ్బు నిక్షేపంగా ఉంటుంది, ఎప్పుడో రాబోయే చుట్టాల కోసం!

ఆవిణ్ని అడిగితే 'నాకెందుకండీ, ఇంట్లోనే ఉండేదాన్ని' అంటుంది. ఈ మాట ఎన్ని ఇళ్లలో వినిపిస్తుందో! పొయ్యి దగ్గర పొద్దుటి నుంచి చెమటలు కక్కిన మనిషికి కాకపోతే మంచి స్నానం ఇంకెవరికి కావాలి? ఇంట్లో మంచం పట్టిన పెద్దవాళ్లుంటే వాళ్ల సంగతీ ఇంతే. తడిగుడ్డతో ఒళ్లు తుడిచేటప్పుడు ఏదో ఒక సబ్బు చాలనుకుంటాం. కానీ మందుల వాసన, మంచం వాసన మధ్య రోజులు గడిపే మనిషికి కాస్త గంధం వాసన ఎంత హాయిగా ఉంటుందో ఆలోచించండి. నేనింకా మనిషినే అన్న ధైర్యం అందులో ఉంటుంది.

ఆ ధైర్యం విలువ విజయవాడకు 2024లో బాగా తెలిసింది. సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు కాలనీలను ముంచేసింది. ప్రకాశం బ్యారేజీకి 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. రోజుల తరబడి చుట్టూ నీళ్లే, స్నానం చెయ్యడానికి మాత్రం చెంబెడు మంచినీళ్లు లేవు. ఆ బురద నీళ్లలో నడిచి బయటపడ్డవాళ్లకు కడుపు నిండాక కావాల్సింది స్నానమే కదా! ఇలాంటప్పుడు సాయం చేసేవాళ్లం బియ్యం, పప్పు, నూనె, దుప్పట్లు గుర్తుపెట్టుకుంటాం. ఈసారి ఆ సంచుల్లో తలా ఒక సబ్బు కూడా వేద్దాం. మిగిలిపోయిన నాసిరకం కాదు, మన ఇంట్లో మనం వాడుకునే వాసన సబ్బు. కష్టంలో ఉన్నవాళ్లకు అవసరాలే ఉంటాయి, ఇష్టాలుండవని ఎవరన్నారు?

చుట్టాలు వస్తారు, పోతారు. వాళ్లకు కొత్త సబ్బు ఇవ్వాల్సిందే. కానీ రోజూ ఆ ఇంట్లో ఉండేవాళ్ల తర్వాతే. ఇవాళ ఆదివారం. మగవాళ్లూ పిల్లలూ కాసేపు వంటగది చూసుకోండి. బీరువా తెరిచి చీరల మధ్య దాచిన బిళ్ల తీసి స్నానాల గదిలో పెట్టండి. ఇవాళ మొదటి స్నానం ఇంటావిడది. మిగిలినవాళ్లంతా ఆవిడ తర్వాతే!