జాగ్వార్ మీద మోజు

నవాబీ శాన్ అనగానే మనవాళ్లకి చౌమహల్లా ప్యాలెస్‌లోని 1912 నాటి పసుపు రోల్స్‌రాయిస్ గుర్తొస్తుంది. పాపం, అది నడిచింది బహు తక్కువ. చూసి మురిసిపోవడానికే పనికొచ్చే బండి మీద నాకంత షౌఖ్ లేదు. నా దిల్ లాగేది 1968లో కోవెంట్రీ నుంచి వచ్చిన జాగ్వార్ ఎక్స్‌జే6.

కంపెనీ స్థాపకుడు విలియం లయన్స్ దగ్గరుండి తీర్చిన ఆఖరి సెడాన్ అది. వాల్‌నట్ చెక్క డాష్‌బోర్డు, తోలు సీట్లు. పెట్రోల్ ట్యాంకులు రెండు, డిక్కీకి అటో మూత, ఇటో మూత. ఆరు సిలిండర్ల ఇంజిన్. ఇక నడక సంగతంటారా, గతుకుల మీద పోతున్నా ఒళ్లో పాన్‌దాన్ ఒలకనంత నజాకత్! దీన్ని ఉత్త దిఖావా అనేవాళ్లతో నేను ఒప్పుకోను. పాత బండిని రోడ్డు మీద నిలబెట్టాలంటే పైసలొక్కటే చాలవు, సబర్ కూడా కావాలి.

అయితే పైసలూ కావాలి భాయ్. తుప్పు దీని జానీ దుష్మన్. పైన రంగు ధగధగలాడుతుంటుంది, తలుపుల కింద రేకు జల్లెడైపోయి ఉంటుంది. ఇక లూకాస్ కంపెనీ కరెంటు సామాను! ఆ కంపెనీకి అక్కడివాళ్లు సరదాగా ‘చీకటి షెహజాదా’ అని పేరు పెట్టారు.

బర్మింగ్‌హామ్‌లోనో లండన్‌లోనో ఉన్న మన పిల్లలెవరైనా మోజుపడితే వద్దనకండి. పిల్లల ఫీజులు, ఇంటి కిరాయి పక్కన పెట్టాక మిగిలినదాంట్లోంచే కొనమనండి. కొన్న ధరతో ఖర్చు ఆగదు మరి. వెళ్లేటప్పుడు పాత జాగ్వార్లు విప్పి బిగించిన ఉస్తాద్‌ని వెంట తీసుకెళ్లమనండి. ముందుగా కార్పెట్ ఎత్తి చూడమనండి.