సంతకం ఎవరిది?
ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. కోయంబత్తూరు పీలమేడు నాయుళ్ల ఇళ్లలో ఒక తరం పంపుసెట్లు, మోటార్ల పనిలో బతికింది, తరువాతి తరం సాఫ్ట్‌వేర్‌కు మళ్లింది. యంత్రాల ఆవిష్కర్త జి.డి. నాయుడు పుట్టిన ఈ కోయంబత్తూరు నేలమీద ఎవరు చేసిన వస్తువన్నది పెద్ద పట్టింపే. అందుకే ఏఐ రాసిచ్చే కోడ్‌ను తలుచుకుంటే నాకు దిగులు. లినక్స్ కెర్నెల్‌కు చిన్న సవరణ పంపినా చివర ‘సైన్డ్ ఆఫ్ బై’ అని పేరు, ఈమెయిలు రాయాలి. 2004లో వచ్చిన పద్ధతి ఇది. ఈ కోడ్ నాది, లేదా దీన్ని ఇచ్చే హక్కు నాకుంది అని పూచీ పడటం అది. యంత్రం ఇచ్చిన నలభై వరుసలు ఎవరి జీపీఎల్ లైసెన్సు కోడ్‌ను పోలి ఉన్నాయో తెలియని ఇంజినీరు పిల్ల ఆ పూచీ ఎలా పడుతుంది? ఈ భయం ఒక కారణంగా 2024లో జెంటూ, నెట్‌బీఎస్‌డీ, 2025లో క్యూఈఎంయూ అనే ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టులు యంత్రం రాసిన కోడ్‌కు దాదాపు తలుపులు మూశాయి. మన 1957 కాపీరైట్ చట్టం, కంప్యూటర్ పుట్టించిన రచనకు దాని పుట్టుకకు కారణమైన వ్యక్తే కర్త అంటుంది. ఆ వ్యక్తి ప్రాంప్ట్ కొట్టినవాడా, మోడల్ తయారుచేసినవాడా? చట్టం తేల్చలేదు. పూర్తి నిషేధం కావాలని నేననను. కాని ఏ భాగం యంత్రానిదో కమిట్ సందేశంలోనే రాయాలి. గడువు ముంచుకొస్తోందని కుర్ర ఇంజినీర్ల చేత గుడ్డిగా సంతకం పెట్టించడం అన్యాయం. కంపెనీలు ఈ బాధ్యతను తమ మీద వేసుకుని కాగితం మీద పెట్టాలి. అందాకా, తల్లీ, నీకు అర్థంకాని కోడ్ కింద నీ పేరు రాయకు.