గుడ్డిపామును చంపొద్దు

వానలు పడితే మన హాస్టల్ బాత్రూముల్లోకి వానపాములాంటి సన్నటి నల్ల పాము వస్తుంది. మా బ్యాచ్ వాళ్ళం కనబడగానే చెప్పుతో కొట్టి చంపేవాళ్ళం. తిరుపతిలో పీజీలో చేరాకే అది గుడ్డిపామనీ, విషం లేదనీ, చీమల, చెదల గుడ్లు తిని బతుకుతుందనీ తెలుసుకున్నాం. ఇంకో వింత, వీటిలో అన్నీ ఆడవే. జతకట్టకుండానే గుడ్లు పెడతాయి. పిల్లలు అచ్చం తల్లి నకళ్ళు. పూలకుండీ మట్టిలో ఒక్కటి వెళ్ళినా చాలు, కొత్త దేశంలో సంతతి మొదలవుతుంది.

2001లో అమెరికాలోని ఒమాహా జూలో మగది లేని తొట్టిలో సొరచేప పిల్లను కన్నది. దానికి తండ్రి లేడని 2007లో డి.ఎన్.ఏ. పరీక్షలు తేల్చాయి. లోకం ఆశ్చర్యపోయింది. మన గుడ్డిపామునైతే 1796లోనే పాట్రిక్ రస్సెల్ 'రెండు తలల పాము' అనే మన తెలుగు పేరుతోనే పుస్తకంలోకి ఎక్కించాడు.

సైన్సు ఎక్కడో దూరాన ఉందనుకున్నాం. ఇంట్లో మొదట చదువుకున్న మేమే కాళ్ళ దగ్గరి పాఠాన్ని చంపేశాం. తమ్ముళ్ళూ, మీరు ఆ తప్పు చేయకండి. చేత్తో పట్టుకోవద్దు. చీపురుతో చేటలోకి తోసి చెట్ల కింద మట్టిలో వదలండి. వదిలే ముందు ఒక్క నిమిషం దాన్ని చూడండి.